నీటికుక్కల పంపకం

మా ఇల్లు పడవకి ఇంజను పెట్టే గొడవలో విడిపోయిందని చిత్రా నది పొడుగునా జాలర్లు ఇప్పటికీ అనుకుంటారు. మగవాళ్లు అలాగే చెప్పుకున్నారు కాబట్టి ఊరూ అలాగే నమ్మింది. ఆ రోజు నేను వాకిట్లోనే ఉన్నాను. ఇంజను మాట ఎవరూ ఎత్తకముందే ఇల్లు విడిపోయింది.

నాన్న పోయిన కార్తీకం అది. కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. మా అన్నయ్య గురుపద వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. తమ్ముడు భవేన్ పడవని బోర్లించి అడుగున తారు పూస్తున్నాడు. అన్నయ్య భార్య శోభ వదిన పొయ్యి దగ్గర ఉంది. తమ్ముడి భార్య కాకలి రేవులో గిన్నెలు తోముతూ పక్కన టుంపాని కూచోబెట్టుకుంది.

టుంపా అన్నయ్య కూతురు, నాలుగేళ్లది. కన్నది శోభ వదినే గానీ పాలు మాన్పించినప్పటి నుంచి కాకలి పక్కలోనే పడుకునేది. కాకలికి పిల్లల్లేరు. నువ్వు పెంచు అని ఎవరూ అనలేదు, నేను పెంచుతానని ఎవరూ అడగలేదు. పిల్ల అటు పాకింది, కాకలి ఎత్తుకుంది, అంతే. "పిన్ని పెడితేనే తింటా" అని టుంపా అంటే శోభ వదిన నవ్వి, "పోవే, నాకో పని తప్పింది" అనేది.

ఆ రోజు రేవు మెట్టు మీద పాచికి కాలు జారి టుంపా ముందుకి పడింది. గడ్డం చిట్లి నెత్తురు. కాకలి ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. శోభ వదిన పిల్లని లాక్కుని, ఆ భయంలో నోటికొచ్చినట్టు అనేసింది:

"కన్న కడుపైతే తెలిసేది! నీకేం తెలుస్తుందే పిల్లని పట్టుకోవడం!"

 కాకలి మళ్లీ రేవులోకి దిగి మిగిలిన గిన్నెలు తోముకొచ్చి, వరసగా బోర్లించి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. చిట్లింది చిన్నదే, పసుపు పెడితే ఆగిపోయింది. టుంపా "పిన్నీ" అంటూ వెళ్లి ఆ తలుపు కొడుతుంటే శోభ వదిన చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చుకుంది.

సాయంత్రం భవేన్ వచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నయ్యా, నా వాటా నాకు పంచిచ్చెయ్యి."

"ఎందుకురా?" అన్నాడు అన్నయ్య, తలెత్తకుండానే.

పెళ్లాం ఏడుస్తోందని అన్నకి ఏ తమ్ముడు చెబుతాడు? అటూ ఇటూ చూసి, "నేను ఇంజను పెట్టుకుంటాను" అన్నాడు.

"ఇంజను చప్పుడికి నీటికుక్కలు దడుచుకుని చస్తాయి."

"అందుకే పంచెయ్యమంటున్నా."

ఇక ఆ మాటే ఊరంతా తిరిగింది.

*

పంచడానికి జతీన్ బాబాయి వచ్చాడు. మాలో అనే మా జాలరి కులంలో తగువులు తీర్చే పెద్దమనిషి ఆయన. పెద్ద పడవ, పెద్ద వల అన్నయ్యకి. చిన్న పడవ, చిన్న వల, అవతలి ఒడ్డున నాన్న కొన్న మెట్ట భూమి భవేన్‌కి. కుండలూ గంపలూ వెంటవెంటనే తేలిపోయాయి. అన్నదమ్ములిద్దరూ "అది వాడికే ఇవ్వండి", "ఇది అన్నయ్య వాడేది" అనుకుంటూ పోయారు. అంత మర్యాదగా విడిపోతున్న వాళ్లు కలిసే ఉండొచ్చుగా అనుకున్నాను.

చివరికి బోను దగ్గరికి వచ్చారు.

తాతల నాటి నుంచి మేం నీటికుక్కలతో చేపలు పట్టేవాళ్లం. పడవ వెనక వెదురు తడికల బోను ఉంటుంది. వల నీళ్లలోకి దించి, పట్టెడలు కట్టిన నీటికుక్కలని ఒడ్డు వైపు గుర్రపుడెక్కలోకి వదిలితే, చాటున దాగిన చేపలని అవి బెదరగొట్టి వలలోకి తోలతాయి. మేం పెంచుతున్నాం అనుకుంటాం గానీ ఆ బోనులో పెత్తనమంతా ముసలమ్మది. ముసలమ్మ అంటే తల్లి నీటికుక్క. దాని మొగుడు పెద్దాయన ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. అయినా ముసలమ్మ ఒక్క కీచు కీచిందంటే నోటి దగ్గరి చేప వదిలేసి పక్కకి తప్పుకునేవాడు. నాన్న చూసి నవ్వేవాడు, "మన ఇంటి మగాడే వీడూనూ" అని.

వాళ్లకి కిందటేడు పుట్టిన కూతురు చుక్క. మెడ కింద తెల్ల మచ్చ ఉండేది. ఆ కార్తీకంలో ముసలమ్మ మళ్లీ ఈనింది, మూడు పిల్లలు. కళ్లు తెరిచీ తెరవని పసిగుడ్లు. ముసలమ్మ వల దగ్గరికి పనికి పోతే చుక్క బోనులో ఉండి తమ్ముళ్లని, చెల్లెల్ని పొట్ట కింద వేసుకుని కాచేది. ఒళ్లంతా నాకి ఆరబెట్టేది. ఒకటి పాకి పక్కకి పోతే మెడ పట్టుకుని తెచ్చి మళ్లీ కుప్పలో పడేసేది. పెద్దాయన తన వంతు చేపని నమిలి మెత్తగా చేసి తెచ్చి వాటి ముందు పెట్టేవాడు. వాటికింకా పళ్లే రాలేదు. అయినా పెట్టేవాడు.

జతీన్ బాబాయి బోనులోకి తొంగి చూసి తేల్చేశాడు. "పాలు తాగే పిల్లలు తల్లితోనే ఉండాలి. ముసలమ్మా పిల్లలూ పెద్దాడికి. పెద్దాయనా చుక్కా చిన్నాడికి. సరిపోయింది."

"బాబాయ్, అవి అలా ఉండవు," అన్నాను. "విడదీస్తే పని చెయ్యవు."

"నోరు లేనివి బీనా, ఎలా అలవాటు చేస్తే అలా పడుంటాయి."

"వాటికి నోరు లేదని ఎవరన్నారు? పొద్దస్తమానం అరుస్తూనే ఉంటాయిగా!"

అందరూ నవ్వారు. పంపకం మాత్రం మారలేదు.

అప్పుడు ఆయన నా వంక చూశాడు. "అవునూ, మరి బీనా ఎవరి దగ్గర?"

నా పేరు బీనాపాణి. మా ఆయన పెళ్లయిన రెండో వానాకాలంలోనే దక్షిణాన సముద్రం దగ్గరి ఉప్పు నదుల్లో తుఫానుకి పోయాడు. అప్పటి నుంచి పుట్టింట్లోనే ఉన్నాను. నీటికుక్కల మేతా బోను శుభ్రం చెయ్యడం నా పని.

"నా దగ్గరే," అన్నారు అన్నయ్యా తమ్ముడూ ఒక్కసారే. తోడికోడళ్లిద్దరూ చెరో వైపు చూస్తూ నిలబడ్డారు. నన్ను ఒద్దనుకుని కాదు. ఒకళ్లు "మా దగ్గర" అంటే రెండోవాళ్లు కాదన్నట్టు అవుతుందని.

"నన్ను కొయ్యకండర్రా," అన్నాను. "పొద్దుటి అన్నం అవతల, సాయంత్రం అన్నం ఇవతల. డోంగా ఉందిగా, ఆ చిన్న దోనె నడపడం నాకొచ్చు."

*

చిత్రా మా ఊరి దగ్గర పెద్ద నదేం కాదు. ఈ ఒడ్డున తిట్టుకుంటే ఆ ఒడ్డున వినిపిస్తుంది. భవేన్ అవతల పాక వేసుకున్నాడు, రేవులో చిన్న బోను కట్టుకున్నాడు.

మొదటి రోజు తెల్లవారగానే పెద్దాయన ఈల వేశాడు. సన్నగా, కొసని పైకి లేచే ఈల. ఇవతల నుంచి ముసలమ్మ బదులు పలికింది. మళ్లీ అతను. మళ్లీ ఆమె. మంచు కరిగి ఎండ వచ్చేదాకా అదే వరస. దారిన పోయే పడవల వాళ్లకి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏరా భవేన్! మీ అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా మీ జంతువులు బాగానే మాట్లాడుకుంటున్నాయిరా!"

"గురుపదా! నీ మరదలు వంటేం చేసిందో ముసలమ్మని అడుగు, అంతా చెబుతోంది!"

భవేన్ తల దించుకుని పని చేసుకునేవాడు. అన్నయ్య తెడ్డు నీళ్ల మీద ఫట్టున కొట్టేవాడు.

పని ఎక్కడా సాగలేదు. భవేన్ పెద్దాయనని నీళ్లలోకి వదిలితే అతను గుర్రపుడెక్క వైపే పోడు. తాడు ఎంత పొడుగుంటే అంత దూరం నది మధ్యకి లాక్కుపోయి, తల ఎత్తి అవతలి ఒడ్డు చూస్తూ తేలేవాడు. చుక్క తాడు కొరికేసేది. ఇవతల అన్నయ్య ముసలమ్మకి పట్టెడ కట్టి దించగానే బోనులో కాపలా లేని పిల్లలు గొంతు చించుకునేవి. ముసలమ్మ సగంలో వెనక్కి తిరిగి వలలో చుట్టుకుపోయేది. ఆ చిక్కు విడదీసుకుంటూ అన్నయ్య తిట్టే తిట్లు నదంతా వినపడేవి. కూలికి వచ్చిన మనిషి ఆ తిట్లు పడలేక రెండోవారంలో మానేశాడు.

అన్నిటికన్నా చిన్న పిల్ల ఒకటి నీరసపడింది. రోజంతా పొట్ట కింద ఉంచుకునే చుక్క లేదు. పుష్యమాసపు చలి. నేను పాత చీర మడిచి, కుంపటి దగ్గర కూచుని దాన్ని ఒళ్లో పెట్టుకునేదాన్ని. నా వేళ్లని చప్పరించి, పాలు రావని తెలిసి, మూతి తిప్పుకునేది.

టుంపా వచ్చి పక్కన కూచునేది. "దీనికి పిన్ని లేదా అత్తా?"

"అక్క ఉంది. అవతల."

"నాకు పిన్ని ఉంది. అవతల," అనేది టుంపా.

రోజూ పొద్దున్నే టుంపా రేవు మీద నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "పిన్నీ!" అని అరిచేది. అవతల కాకలి చెయ్యి ఎత్తి ఊపేది. దాంతో పిల్ల ఇంకా ఏడ్చేది, నీళ్లలోకి దిగబోయేది. అలా కొన్నాళ్లు జరిగాక కాకలి ఆ వేళకి రేవుకి రావడం మానేసింది.

"చూడు, అప్పుడే మరిచిపోయింది," అంది శోభ వదిన నాతో. "ఇదీ మరిచిపోతుందిలే."

టుంపా మరిచిపోలేదు. అన్నం పళ్లెం ముందు పెడితే నోరు బిగించి కూచునేది. శోభ వదిన బుజ్జగించి, కథలు చెప్పి, కోప్పడి, చివరికి పళ్లెం అక్కడే వదిలేసి పెరట్లోకి పోయేది. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి. "పొగ," అనేది.

అవతల నేను పొద్దుటి అన్నానికి వెళితే కాకలి ముందు అడిగే మాట ఒకటే. "పిల్ల తింటోందా వదినా?"

నేను అబద్ధం చెప్పేదాన్ని. ఆమె నమ్మేది కాదు.

"రేవుకి రావడం ఎందుకు మానేశావే?" అన్నాను ఒక రోజు.

"నేను కనిపిస్తే నీళ్లలోకి దిగుతోంది వదినా. మళ్లీ జారితే?" అంది, పొయ్యిలో పుల్ల ముందుకి తోస్తూ. 

*

ఒక పొద్దున్న నేను వెళ్లేసరికి భవేన్ రేవులో గొంతుక్కూచుని ఉన్నాడు. ఎదురుగా తాడు కొసని పెద్దాయన. మంచు పల్చబడి అవతలి ఒడ్డు బూడిద రంగులో కనిపిస్తోంది.

"చూడక్కా వీడి వేషాలు," అన్నాడు భవేన్. "నాలుగు రోజుల నుంచి ఇంతే. చేప ఇస్తే తీసుకుంటాడు, తినడు. నోట్లో పెట్టుకుని అలాగే నిలబడతాడు."

నిజమే. పెద్దాయన నోట్లో అడ్డంగా ఒక జెల్ల ఉంది. తాడు బిగువుగా లాగి, ముందు కాళ్లు నీళ్లలో పెట్టి, అవతలికి చూస్తున్నాడు. జెల్ల తోక కొట్టుకుంటూనే ఉంది. అతని డొక్కలు లోపలికి పోయాయి. బోనులోంచి చుక్క ఆగకుండా కూస్తోంది.

"ఆకలి లేదేమో," అన్నాడు భవేన్, తనకే నమ్మకం లేనట్టు.

"ఆకలి లేకపోవడమేంటి, ఎముకలు కనపడుతుంటే!"

కాకలి పాకలోంచి బయటికి వచ్చింది. చేతికి బియ్యప్పిండి అంటుకుని ఉంది, పిఠా అప్పాలకి పిండి కలుపుతోంది. మొగుడి వెనక నిలబడి కాసేపు చూసింది.

"తాడు విప్పు," అంది.

"విప్పితే పోతాడు."

"పోనీ."

"పోతే మళ్లీ దొరకడు కాకలీ. అడవి నదుల వాసన తగిలిందంటే..."

"ఎక్కడికి పోతాడు? వాడి పిల్లలు అక్కడున్నారు."

భవేన్ కదల్లేదు. కాకలి చేతులు చీర కొంగుకి తుడుచుకుని, తనే వంగి, పెద్దాయన మెడ మీద పట్టెడ ముడి విప్పబోయింది. తడిసి బిగుసుకున్న ముడి. పళ్లతో పట్టుకుని లాగింది. పెద్దాయన ఆమె మొహం మీద ఊపిరి వదులుతూ కదలకుండా నిలబడ్డాడు. జెల్లని మాత్రం వదల్లేదు.

ముడి ఊడగానే నీళ్లలోకి దిగాడు. చప్పుడు లేదు. చేప పైకి ఎత్తి పట్టుకున్న తల ఒక్కటే నది మీద గీత గీసుకుంటూ పోయింది. నడి నదిలో ప్రవాహం పక్కకి లాగితే ఏటవాలుగా తిరిగాడు. మేం ముగ్గురం చూస్తున్నాం. కాకలి నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

అవతలి రేవులో అన్నయ్య వల దులుపుకుంటున్నాడు. పెద్దాయన అతని కాళ్ల పక్క నుంచే ఎక్కి, పడవలోకి దూకి, బోను తడికకి ఛాతీ ఆనించి నిలబడ్డాడు. లోపల నుంచి వచ్చిన కీచులు మాకు ఇవతలికి వినపడ్డాయి. సందులోంచి చేప లోపలికి తోసేశాడు.

అన్నయ్య వల కింద పడేసి చేతులు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఇల్లు విడిపోయాక నది దాటి అతని గొంతు రావడం అదే మొదటిసారి.

"ఒరేయ్ భవేన్! నీ వాడు తాడు తెంచుకుని వచ్చేశాడురా!"

భవేన్ నోరు తెరిచాడు. మాట రాలేదు.  

మా వాళ్లలో తమ్ముడి భార్య బావగారితో మాట్లాడదు. అతని ఎదుట ముసుగు తియ్యదు, నీడ తగిలేలా నడవదు. ఏదన్నా చెప్పాలంటే గోడకో పిల్లకో చెప్పినట్టు చెబుతుంది. పెళ్లయినప్పటి నుంచి మా అన్నయ్య కాకలి గొంతు విని ఉండడు.

కాకలి నీళ్లలోకి రెండడుగులు దిగింది. చీర పాదాల దగ్గర తడిసింది.

"తెంచుకుని రాలేదు బావగారూ!" అని అరిచింది. "నేనే విప్పాను! చుక్కని కూడా వదులుతున్నా, ఆ తలుపు తీసి ఉంచండి!"

గంట మోగినట్టు మోగింది ఆ గొంతు. దారిన పోతున్న ఒక పడవలో తెడ్డు వేసేవాడు చెయ్యి ఆపి చూశాడు. అన్నయ్య చేతులు నోటి దగ్గరే ఉండిపోయాయి. కాసేపటికి వాటిని దించి, వెనక్కి తిరిగి, వంగి, బోను తలుపు బార్లా తీశాడు.

చుక్క నది దాటిన వేగం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. తిన్నగా బోనులో దూరింది. పిల్లల కుప్పలోకి తలపెట్టి, అన్నిటికన్నా చిన్నదాన్ని మెడ పట్టి లాక్కుని, పొట్ట కింద వేసుకుని నాకడం మొదలుపెట్టిందట. అన్నయ్య తరవాత చెప్పాడు. "ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు నాకింది," అన్నాడు.

సాయంత్రం పొయ్యి పక్కన నాకు అన్నం వడ్డిస్తుంటే అన్నయ్య వచ్చి గుమ్మంలో కూచున్నాడు. 

"బీనా, దాని గొంతు అలా ఉంటుందా?"

"ఎవరి గొంతు?"

"అదే... చిన్నకోడలిది."

"అలాగే ఉంటుంది. నీకిప్పుడు తెలిసింది."

శోభ వదిన గరిటె కుండలోనే ఉంచి ఆగిపోయింది. ఆమె పొద్దున్న పెరట్లో ఉందనీ, అంతా విందనీ నాకు అప్పుడు అర్థమైంది.

"నది అవతల నుంచి ఇంట్లోకి వినపడే గొంతు," అంది మెల్లగా. "పిల్ల అన్ని రోజులు పిలుస్తుంటే ఆ గొంతు ఎలా ఆపుకుందో."

 టుంపా నా పళ్లెంలోంచి ఒక ముద్ద తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూచుంది.

*

మర్నాడు మంచు విడకముందే అన్నయ్య నన్ను లేపాడు. "బోను పక్కన కూచో, పద," అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. పెద్ద పడవ నేరుగా అవతలి రేవుకి పోయి భవేన్ కట్టిన గుంజకి తగిలి ఆగింది.

భవేన్ పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని బయటికి వచ్చాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"ఎక్కు," అన్నాడు అన్నయ్య.

"ఎక్కడికి?"

"వల ఒంటి చేత్తో దిగట్లేదు."

"అది కాదన్నయ్యా, ఇంజను..."

"ఎండెక్కితే చేపలు లోతుకి పోతాయి. ముందు ఎక్కరా."

భవేన్ పుల్ల పారేసి ఎక్కాడు. గడ అందుకున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకే మాటా లేదు. నాన్న ఉన్నప్పుడూ వల దగ్గర వాళ్లు మాట్లాడుకునేవాళ్లు కాదు, అవసరం ఉండేది కాదు. ఒకడు దించితే రెండోవాడు గడతో పడవ అంచు కొట్టి కేకలు పెట్టేవాడు. ముసలమ్మా పెద్దాయనా పక్కపక్కనే గుర్రపుడెక్కలోకి దూరారు. నేను బోను వైపు చూశాను. లోపల చుక్క మూడు పిల్లల మీదా మెడ వాల్చి పడుకుని ఉంది. ఒక్క కీచు లేదు. ముసలమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

వల పైకి లేచినప్పుడు నీళ్లు కనపడలేదు, చేపలే. భవేన్ అన్నయ్య భుజం మీద చరిచాడు. అన్నయ్య "వల చూడు, వల చూడు," అన్నాడు గానీ భుజం తియ్యలేదు.

*

పుష్యం చివర ఒక మధ్యాహ్నం ముసలమ్మ పిల్లలకి ఈత నేర్పింది. భవేన్ రేవు పక్కన ఇసుక మేట ఉంది, నీళ్లు పల్చగా ఉంటాయి. అన్నయ్య అన్నిటినీ తాళ్లు లేకుండా వదిలాడు. ఇప్పుడు ఎవరికీ భయం లేదు.

నీటికుక్క పిల్లకి పుట్టుకతో ఈత రాదు. నీళ్లంటే చచ్చేంత భయం. ముసలమ్మ ఒక్కొక్కదాన్నీ మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చి నీళ్లలో ముంచి వదిలింది. మొదటి రెండూ గోల చేసి, ఉమ్మి, కాళ్లు కొట్టుకుని తేలాయి. చుట్టూ పెద్దాయన గిరికీలు కొడుతూ కాపు కాశాడు. మూడోది, నా ఒళ్లో పెరిగిన బక్కది, వదలగానే ఒడ్డుకి పరిగెత్తింది. ముసలమ్మ మళ్లీ ఈడ్చుకొచ్చింది. మళ్లీ పరిగెత్తింది.

"నా దగ్గర పెరిగింది కదా, ఇలాగే ఏడుస్తుంది!" అన్నాను. భవేన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పుడు డోంగా వచ్చి మేటకి తగిలింది. శోభ వదిన దిగింది, చంకలో టుంపా, చేతిలో ఈతబెల్లం పిఠాల గిన్నె. విడిపోయాక ఆమె ఆ ఒడ్డుకి రావడం అదే మొదలు.

"పిల్లలు ఈదుతున్నాయంటే టుంపా చూస్తానంది," అంది ఎవరికీ కాకుండా.

టుంపా చంకలోంచి జారి, మేట మీద కూచున్న కాకలి వైపు పరిగెత్తింది. కాకలి చేతులు చాపింది గానీ, మధ్యలో ఆపి, శోభ వదిన మొహం చూసింది. టుంపాకి అదంతా పట్టలేదు. వచ్చి ఒళ్లో పడి మెడ చుట్టేసుకుంది. కాకలి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

శోభ వదిన పిఠాల గిన్నె ఇసుక మీద పెట్టి, పక్కనే చతికిలపడింది. నీళ్లలో చుక్క ఆ బక్కదాని కింద దూరి వీపు మీదకి ఎత్తుకుంది. మెల్లగా లోతుకి పోయి, మెల్లగా కిందకి జారుకుంది. బక్కది ఒక్క క్షణం మునిగి, లేచి, అరవడం మరిచిపోయి ఈదింది.

అదే చూస్తూ శోభ వదిన అంది. "దీనికి నా చేతి అన్నం సయించట్లేదు కాకలీ. చిక్కిపోయింది చూడు. కొన్నాళ్లు నువ్వే పెట్టు."

 కాకలి చేతులు మెల్లగా దించి పిల్ల వీపు చుట్టూ వేసింది.

"రోజూ తలకి ఆవనూనె పట్టించు," అంది శోభ వదిన. "నేను పట్టిస్తే పారిపోతోంది."

"అలాగే అక్కా."

"నేనూ వస్తుంటానులే. చూడ్డానికి." గిన్నె అంచుకి అంటిన ఇసుక తుడిచింది. "నేను ఆ రోజు..."

"పిఠాలు చల్లారిపోతాయి అక్కా," అంది కాకలి.

*

ఇళ్లు మళ్లీ కలవలేదు. భవేన్ అవతలే ఉండిపోయాడు. తరవాత ఎప్పుడో ఇంజను కూడా కొన్నాడు. దాన్ని చిన్న పడవకే పెట్టాడు, నీటికుక్కలకి దూరంగా. వల మాత్రం ఇద్దరూ కలిసే వేశారు, ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం.

మాఘం మొదట్లో ఏటా మా మగవాళ్లు నీటికుక్కలని తీసుకుని దక్షిణాన అడవి నదులకి పోతారు. ఆ ఏడు నది మలుపు దాకా సాగనంపడానికి మేం ముగ్గురు ఆడవాళ్లం డోంగాలో వెళ్లాం. టుంపా కూడా వచ్చింది. పెద్ద పడవ ముందు అన్నయ్య, వెనక భవేన్. తాళ్లు కట్టని పిల్లలు మూడూ పడవ వెంట నురగలో మునుగుతూ లేస్తూ, ఎక్కడ వెనకబడతామో అన్నట్టు ఈదుకుంటూ పోయాయి. బక్కది అన్నిటికన్నా ముందుంది. మలుపు దగ్గర అన్నయ్య చెయ్యి ఎత్తి, "కాకలీ, జాగ్రత్తమ్మా!" అని అరిచాడు. ఆమె ముసుగు సర్దుకుంటూనే, "మీరూ జాగ్రత్త బావగారూ!" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ వెచ్చగా ఉంది. టుంపా ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. తల కాకలి ఒళ్లో, కాళ్లు శోభ వదిన ఒళ్లో. డోంగా ఇరుకు, తోడికోడళ్ల మోకాళ్లు ఒకదానికొకటి ఆనుకున్నాయి. మా రేవులు రెండూ కనపడే చోటికి వచ్చాం.

"ఎటు తిప్పమంటారు?" అన్నాను.

శోభ వదిన కాకలిని చూసింది. కాకలి శోభ వదినని చూసింది. ఏ ఒడ్డు చేరినా ఎవరో ఒకళ్లు లేవాలి, లేస్తే పిల్ల లేస్తుంది.

"కాసేపాగు వదినా," అంది కాకలి గుసగుసగా.

నేను తెడ్డు తీసి డోంగాలో పెట్టాను. నది మమ్మల్ని మెల్లగా ఎటో తీసుకుపోయింది.